రంగు లేని పువ్వు, ఇస్త్రీ మడత

సురిమోనో అనే జపాన్ చెక్క అచ్చు బొమ్మను ఫోన్‌లో చూస్తే సగమే చూసినట్టు. కాగితాన్ని కిటికీ పక్కన పెట్టి వెలుతురుకు ఏటవాలుగా వంచాలి. అప్పటిదాకా తెల్లగా ఖాళీగా ఉన్నచోట పూల రేకులు లేస్తాయి. అక్కడ రంగు చుక్క కూడా ఉండదు, ఉన్నదల్లా చిన్న ఉబ్బు, దాని నీడ.

ఇవి బజార్లో అమ్మడానికి వేసినవి కావు. ఎడో నగరంలో (ఇప్పటి టోక్యో) క్యోకా అనే చమత్కార పద్యాలు రాసుకునే బృందాలు కొత్త సంవత్సరానికి పంచుకోవడానికి సొంత డబ్బుతో వేయించుకున్నవి. ఏడాదికో జంతువు పేరు పెట్టే వాళ్ల లెక్కలో 1822 గుర్రం సంవత్సరం. అందుకని చిత్రకారుడు హొకుసాయి అలాంటి ఒక బృందం కోసం గుర్రంతో ఏదో ఒక లంకె ఉన్న వస్తువులను వరసగా గీశాడు. ఏ జంతువు ఏడాదిలో పుడితే ఏ జాతకం అన్న గోల మనకెందుకు, మంచి బొమ్మలు వచ్చాయి, చాలు. అమ్ముడుపోతుందా అన్న టెన్షన్ లేదు కాబట్టి ఇత్తడి పొడి, తగరం పొడి లాంటి ఖరీదైన హంగులన్నీ పెట్టారు. వాటిలో నాకు నచ్చింది కరాజురి, అంటే రంగు పూయని అచ్చు.

నూలు చీర ఇస్త్రీ తెలిస్తే ఇదీ తెలిసినట్టే. నూలైనా కాగితమైనా సెల్యులోజే, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులే. ఆ గొలుసుల పొడవునా ఉన్న హైడ్రాక్సిల్ (OH) గుంపులు పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు, అంటే నీటితో సడలిపోయేంత బలహీనమైన పట్లు, కట్టుకుంటాయి. నీళ్లు చల్లితే నీటి అణువులు మధ్యలో దూరి ఆ పట్టు సడలిస్తాయి, గొలుసులు కాస్త జరుగుతాయి. ఆరగానే కొత్తచోట మళ్లీ బంధాలు పడతాయి. పెట్టె వేడి ఆ నీటిని త్వరగా తరిమేస్తుంది, బరువు మడత నిలబెడుతుంది. స్కూల్లో హైడ్రోజన్ బంధం అనగానే ఐసు బొమ్మ గీసి వదిలేస్తారు. పిల్లల్ని ఇస్త్రీ బండి దగ్గరికి తీసుకెళ్తే ఐదు నిమిషాల పని.

అచ్చు వేసేవాడు వేడి వాడడు. తడిపిన కాగితాన్ని చెక్కిన పలక మీద బోర్లా పరిచి, వెనక నుంచి బారెన్ అనే గుండ్రటి దిమ్మతో రుద్దుతాడు. లోతు కావాలంటే మోచేత్తోనే నొక్కుతాడు. కాగితం గుంటల్లోకి దిగి అలాగే ఆరుతుంది. తిప్పి చూస్తే గుంటలన్నీ ఉబ్బులు. మామూలు కలప గుజ్జు కాగితమైతే తడిసినప్పుడు ఇంత గట్టిగా ఉండదు, దాని పోగు 1 నుంచి 3 మిల్లీమీటర్లే. వీళ్లు వాడిన హోషో కాగితం కోజో చెట్టు బెరడుది, పోగు సుమారు 10 మిల్లీమీటర్లు.

ఇస్త్రీ చీర వానలో తడిస్తే ఏమవుతుందో తెలుసుగా. సురిమోనో తడిసినా అంతే, రేకులు మళ్లీ కాగితంలోకి అణిగిపోతాయి.