పాత సీడూ ఇంజిన్లు, పార్టులు: అపోహలు - వాస్తవాలు

1990ల నాటి సీడూ కంపెనీ జెట్ స్కీల్లో (నీటి మీద నడిచే స్కూటర్లు) ఉండేవి రోటాక్స్ కంపెనీ టూ-స్ట్రోక్ ఇంజిన్లు. తప్పు పార్ట్ కొని డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ కింది నమ్మకాల వల్లే.

అపోహ: ఇంజిన్ పేరులోని అంకే దాని సీసీ.

వాస్తవం: 587 అంటే 581 సీసీ, 657 అంటే 650, 787 అంటే 782, 947 అంటే 951. బండి పేరును నమ్ముకుని ఆర్డర్ పెట్టడం ఇంకా ప్రమాదం. ఎక్స్‌పీ అనే ఒక్క మోడల్ పేరుతోనే 1991లో 587, 1996లో 787, 1998 లిమిటెడ్‌లో 947 వచ్చాయి.

అపోహ: హల్ నంబర్ (బండి బాడీ మీద ఉండే గుర్తింపు నంబర్) చూస్తే లోపల ఏ ఇంజినో తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ 12 అక్షరాలు బండివి, ఇంజిన్‌వి కావు. చివర ఎల్596 అని ఉంటే 1995 డిసెంబరులో తయారైన 1996 మోడల్ అని అర్థం, అంతవరకే. ఇన్నేళ్లలో ఇంజిన్ ఎన్ని చేతులు మారిందో ఎవరికి తెలుసు? ఇంజిన్‌నే కొలవాలి. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 78 మి.మీ. దగ్గర ఉంటే 657, 88 దగ్గర ఉంటే 947. చిక్కంతా 82తోనే: 717కీ అదే, 787కీ అదే. అప్పుడు స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, చూడాలి, 68 అయితే 717, 74 అయితే 787. ఏదీ విప్పకుండా తేల్చాలంటే సిలిండర్ల ఎగ్జాస్ట్ వైపు చూడండి. రేవ్ వాల్వుల (ఎగ్జాస్ట్ రంధ్రాన్ని పెంచి తగ్గించేవి) గుండ్రటి మూతలు రెండు కనిపిస్తే అది 717 కాదు.

అపోహ: బోల్టులు కుదిరాయంటే పార్ట్ సరిపోయినట్టే.

వాస్తవం: అసలు నష్టం ఇక్కడే. కార్బురేటర్ ఉన్న 717, 787లలో గాలి, పెట్రోలు రోటరీ వాల్వ్ డిస్క్ (తిరుగుతూ ఇన్‌టేక్ రంధ్రాన్ని తెరిచి మూసే పళ్లెం) గుండా లోపలికి వెళ్తాయి. వేరే ఇంజిన్ నుంచి తెచ్చిన డిస్క్ కవర్ చక్కగా బిగుసుకుంటుంది, కానీ డిస్క్‌కీ కవర్‌కీ మధ్య 0.25 నుంచి 0.35 మి.మీ. సందు ఉండి తీరాలి. ఓ-రింగ్ తీసి కవర్ బిగించి, ఇన్‌టేక్ రంధ్రంలోంచి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడండి. సందు తగ్గితే డిస్క్ రాసుకుంటుంది. పెరిగితే మిశ్రమం కార్బురేటర్‌లోకి వెనక్కి తన్ని, ఇంజిన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. డిస్క్ రెండు ముఖాలూ ఒకటి కావు. డిస్క్ తెరుచుకునే టైమింగ్ సరిగ్గా ఒక పంటి మీద కాక రెండు పళ్ల మధ్య పడితే డిస్క్‌ను బోర్లించి వేసి, డిగ్రీ వీల్‌తో (డిగ్రీలు గీసిన చక్రం) మళ్లీ చూసుకోండి.

సిలిండర్ల కింద ఉండే బేస్ గ్యాస్కెట్ల సంగతీ ఇంతే. అంచున రంధ్రాలు లెక్కపెట్టండి: మూడుంటే 0.3 మి.మీ., ఐదుంటే 0.5. పాతది పారేయకుండా దాచి, అదే మందం తెప్పించండి.

717 తీసి 787 పెట్టాలంటే ఇంజిన్ ఒక్కటే తెస్తే చాలదు. దాని ఎలక్ట్రానిక్ మాడ్యూల్, ఎగ్జాస్ట్, తగిన ఇంపెల్లర్ (నీటిని వెనక్కి తోసే ఫ్యాన్) కూడా రావాలి. ఇంజిన్ మౌంట్ల కింది షిమ్ములు (ఎత్తు సరిచేసే పల్చటి రేకులు) ఏవి ఎక్కడివో గుర్తు పెట్టుకుని, చివర్లో అలైన్‌మెంట్ షాఫ్ట్‌తో సరిచూడండి. వంకరగా కూర్చుంటే ముందు పోయేవి డ్రైవ్‌షాఫ్ట్ సీళ్లే.

అపోహ: కంప్రెషన్ 150 పీఎస్‌ఐ వస్తే ఇంజిన్ కొనేయొచ్చు.

వాస్తవం: కంప్రెషన్ క్రాంక్ సీళ్ల (క్రాంక్‌షాఫ్ట్ చివర్లలో గాలి లీకు కాకుండా ఆపేవి) గురించి ఏమీ చెప్పదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి 5 పీఎస్‌ఐ గాలి నింపండి. ఆ ఒత్తిడి మూడు నిమిషాలు నిలవాలి.

అపోహ: పిస్టన్ కాలింది, కొత్తది వేస్తే సరి.

వాస్తవం: ఎందుకు కాలిందో తెలియకుండా కొత్తది వేయకండి. ఈ బండ్లలోని బూడిద రంగు పెట్రోలు గొట్టాలు లోపల కరిగి పచ్చటి జిగురుగా మారతాయి. అది కార్బురేటర్లలోని చిన్న జాలీకి అడ్డుపడుతుంది, పెట్రోలు చాలక పిస్టన్ మాడుతుంది. ముందు గొట్టాలన్నీ మార్చండి. ఫ్యూయల్ సెలెక్టర్ వాల్వ్ మార్చండి, కార్బురేటర్లు విప్పి జాలీలు కడగండి. పిస్టన్ ఆ తర్వాతే.