చెయ్యందని చోట నొప్పి

"ఎక్కడ నొప్పి?" అని డాక్టరు అడిగితే చూపించలేకపోయాను. కుడిచెయ్యి మెడ మీదుగా వెనక్కి పోనిచ్చాను, అందలేదు. ఎడమచెయ్యి నడుము మీదనుంచి పైకి తెచ్చాను, అదీ అందలేదు. ఎడమ రెక్క ఎముక లోపలి అంచున, వెన్నుకీ దానికీ మధ్య సందులో ఒకటే సలుపు. ఆయన బొటనవేలితో నొక్కుతూ "ఇదా? ఇక్కడా?" అంటుంటే ప్రతిసారీ "కొంచెం పక్కకి" అంటున్నాను. నాలుగోసారికి ఆయన నవ్వాడు. నాకు సిగ్గేసింది.

తర్వాత తెలిసింది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని. 1834లో ఎర్న్‌స్ట్ వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కంపాసు రెండు మొనలనూ ఒంటిమీద అక్కడా ఇక్కడా ఆనించి, అవి రెండుగా తెలుస్తున్నాయా ఒకటిగానా అని కొలిచాడు. వేలికొసన మొనల మధ్య 2 మిల్లీమీటర్లుంటే చాలు, రెండని తెలుస్తుంది. వీపు మీద అవి దాదాపు 4 సెంటీమీటర్లు ఎడంగా ఉంటే తప్ప తెలియదు. మెదడులో వేళ్లకున్నంత చోటు వీపుకి లేదు. కంటికి కనపడదు, చేతికి అందదు, మెదడుకి సరిగా ఆనదు. అలాంటి చోట వచ్చే నొప్పికి అడ్రసు చెప్పమంటే ఎవరు మాత్రం చెప్పగలరు?

రెక్క ఎముక ఒక మూడు మూలల పలక. రెండో పక్కటెముక నుంచి ఏడోదాని దాకా వీపు మీద పరుచుకుని ఉంటుంది. తమాషా ఏమిటంటే, మొండేనికి దీన్ని బిగించిన కీలు ఒక్కటే: భుజం కొసన కాలర్ బోనుతో కలిసే చిన్న కీలు. మిగతాదంతా కండరాల మీద తేలుతున్నట్టే. మొత్తం 17 కండరాలు దీన్ని తలోవైపునుంచీ పట్టుకుని ఉంటాయి. చెయ్యి నెత్తి మీదికి పూర్తిగా ఎత్తితే తిరిగే 180 డిగ్రీల్లో సుమారు 120 భుజం కీలువి, తక్కిన 60 ఈ పలక పక్కటెముకల మీద జారుతూ తిరిగినవి. అంటే దండెం మీద బట్ట ఆరేసిన ప్రతిసారీ, అటక మీది డబ్బా దించిన ప్రతిసారీ ఇది కదులుతుంది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చుంటే అసలు కదలదు. రెండోదే దీనికి ఎక్కువ కష్టం అనిపిస్తుంది నాకు.

బరువెత్తినప్పుడో, తల వంకరగా పెట్టి పడుకున్నప్పుడో రెక్కలో పట్టేయడం అందరికీ తెలిసిందే. అలాంటివి చాలావరకు కొద్ది వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మూడు నెలలు దాటినదాన్ని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. నాది మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒక్కటే: రెక్కలో నొప్పి పుడుతున్నది రెక్కలోనే అని నమ్మడానికి లేదు.

దీని వెనక ఓ పాత కథ ఉంది, మనం పుట్టకముందుది. గర్భంలో పిండానికి అయిదో వారం వచ్చేసరికి రెక్క ఎముక మెడ దగ్గర తయారవుతుంది. అక్కడినుంచి మెల్లగా కిందికి దిగి, పన్నెండో వారానికల్లా వీపు మీదికి చేరుతుంది. కొందరు పిల్లల్లో ఈ దిగడం సగంలో ఆగిపోయి, ఒక రెక్క పైనే ఉండిపోతుంది. దాన్ని 1891లో వర్ణించిన వైద్యుడి పేరు మీద స్ప్రెంగెల్ వైకల్యం అంటారు. మామూలుగా దిగినవాళ్లలో కూడా ఎముక వచ్చింది గానీ నరాలు మెడలోనే ఉండిపోయాయి. రెక్కని వెన్నువైపు లాగే కండరాలకీ, పైకెత్తే కండరానికీ, పక్కటెముకలకి అదిమిపట్టే కండరానికీ తీగలన్నీ మెడలోంచే వస్తాయి. పైన కప్పిన చర్మానికి మాత్రం అక్కడి ఛాతీ నరాలే. రెక్క ఎముకకి వీపు మెట్టినిల్లు. పుట్టిల్లు మెడ. పుట్టింట్లో ఏ చిన్న గొడవ జరిగినా ఇక్కడ కళ్లనీళ్లు వస్తాయి.

ఈ సంగతిని నేరుగా చూసినవాడు హవాయిలో పనిచేసిన న్యూరోసర్జన్ రాల్ఫ్ క్లోవర్డ్. రోగి మెలకువగా ఉండగా మెడ ముందువైపునుంచి సూది పంపి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులని ఒక్కొక్కటిగా రెచ్చగొట్టి, ఎక్కడ నొప్పి తెలుస్తోందో చెప్పమన్నాడు. మెడలో సూది ఉంటే వాళ్లు చెప్పింది రెక్క లోపలి అంచున నొప్పి అని! మెడలో పై డిస్కయితే రెక్క పైభాగాన, కింది డిస్కయితే రెక్క కిందిభాగాన. 1959లో ఆయన ఇది ప్రచురించాడు. మెడ వెనకవైపు ఉండే చిన్న కీళ్ల సంగతీ ఇంతేనని 1990లో మరో బృందం చూపించింది.

క్లోవర్డ్ కన్నా ఇరవయ్యేళ్ల ముందే లండన్‌లో జోనాస్ కెల్‌గ్రెన్ అనే కుర్ర డాక్టరు ఇంకో పని చేశాడు. ఉప్పునీటిని ఇంజెక్షనులో ఎక్కించి తన కండరాల్లోనూ, ఒప్పుకున్నవాళ్ల కండరాల్లోనూ గుచ్చి, ఎక్కడ నొప్పి లేస్తుందో పటాలు గీశాడు. చర్మంలో గుచ్చితే గుచ్చినచోటే నొప్పి. లోతు కండరంలో గుచ్చితే నొప్పి వెడల్పుగా పాకుతుంది, గుచ్చినచోటికి దూరంగానూ తేలుతుంది. లోపలి భాగాలనుంచి వచ్చే కబుర్లు చాలా తీగల ద్వారా వచ్చినా వెన్నుపాములో ఒకే కణం దగ్గర కలుస్తాయి. అక్కడినుంచి పైకి వెళ్లే కబురు ఏ ఇంటిదో మెదడు ఊహించుకోవాల్సిందే. తరచుగా తప్పే ఊహిస్తుంది.

మా డాక్టరు అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. "చెయ్యి నెత్తిమీద పెట్టుకుంటే హాయిగా ఉంటుందా?" నేను రాత్రిళ్లు అలాగే పడుకుంటున్నాను మరి! ఆ భంగిమలో మెడ నరం మీద లాగుడు తగ్గుతుందట. దానితో హాయి అనిపిస్తే అనుమానం మెడమీదికి మళ్లుతుంది. తర్వాత తలని ఎడమవైపు వంచి పైనుంచి మెల్లగా నొక్కాడు. రెక్కలో సలుపు భగ్గుమంది. మూడేళ్లుగా రెక్కకి నూనెలు పట్టించుకుంటున్నవాణ్ణి, ఆ క్షణాన నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఇలా మెడ కదిలిస్తే పెరగనంత మాత్రాన మెడది కాదని తేల్చేయడానికీ లేదు. ఈ పరీక్షలు దారి చూపిస్తాయి, తీర్పు చెప్పవు.

మెడ సంగతి తేలకముందే ఒక జాబితా కొట్టేసుకోవాలి. కుడి రెక్క కిందుగా, కొవ్వు పదార్థాలు తిన్న తర్వాత వచ్చిపోయే నొప్పి పిత్తాశయంలో రాళ్లది కావచ్చు. రెండు రెక్కల మధ్య ఒక్కసారిగా చీల్చినట్టు వచ్చే నొప్పి గుండెనుంచి బయల్దేరే పెద్ద ధమని గోడ చీలడంవల్ల కావచ్చు. ఛాతీలో బిగింపు, చెమటలు, ఆయాసం తోడైతే గుండెపోటు కావచ్చు. వీటిలో ఏదైనా వస్తే చదువుతూ కూర్చోకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఊపిరితిత్తి పైకొసన పెరిగే గడ్డ కూడా రెక్కలో, చేతి లోపలివైపు నొప్పిగా మొదలవుతుంది. ఒకవైపు కనురెప్ప వాలినా, ఆ చేతి కండరాలు తగ్గుతున్నా, ముఖ్యంగా పొగతాగేవాళ్లయితే, అశ్రద్ధ చేయకూడదు. కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, ఎలా పడుకున్నా మారని రాత్రి నొప్పి, చేతిలో పట్టు పోవడం, నడక తడబడటం కూడా ఇదే కోవలోవి. మంటతో మొదలై కొద్ది రోజులకి పొక్కులు లేస్తే అది సర్పి.

నా జాబితాలో ఇవేవీ లేవని తేలాక ఎమ్మారై తీయించారు. రిపోర్టులో "రెండు డిస్కులు ఉబ్బినట్టున్నాయి" అని రాశారు. అది చదివి వారం రోజులు మెడ తిప్పడానికి భయపడ్డాను. ఆ వారమే నొప్పి అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. జపాన్‌లో ఏ నొప్పీ లేని 1,211 మందికి మెడ స్కాన్ తీసి చూసిన అధ్యయనం 2015లో వచ్చింది. వాళ్లలో 87.6 శాతం మందికి డిస్కులు ఉబ్బి ఉన్నాయి. ఇరవైల్లో ఉన్నవాళ్లలోనే 70 శాతం పైమాట. తలలో తెల్లవెంట్రుక కనిపించినట్టే స్కాన్‌లో ఉబ్బిన డిస్కు కనిపిస్తుంది. నొప్పికి కారణం అదే అయి ఉండొచ్చు, అసలు సంబంధమే లేకపోవచ్చు. ఒంటి లక్షణాలూ స్కానూ ఒకే కథ చెబితేనే దానికి విలువ. రిపోర్టు చేతికి ఇచ్చేటప్పుడు ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే ఆ వారం నాకు మిగిలేది.

మూడేళ్లు నిలిచిన నొప్పిలో ఇంకో పొర ఉంది. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, కాలికి గాయమయ్యాక వెన్నుపాములోని కణాలు చిన్న ప్రేరణకే పెద్దగా స్పందించడం మొదలుపెట్టాయి. గాయమైనచోట మత్తు ఇచ్చినా ఆ అతి స్పందన తగ్గలేదు. గొడవ కాలిదగ్గర మొదలైనా కాపురం వెన్నుపాములో పెట్టిందన్నమాట. నిద్ర చాలని రోజున, మనసు బాగాలేని రోజున నొప్పి పెరగడంలో ఈ పొరకీ పాత్ర ఉంది. అందుకని "అంతా నీ ఊహే" అనేవాళ్లని నేను క్షమించను. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి చేర్చిన వివరణలోనే ఉంది, తనకు నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని.

ఇక వైద్యం. గోడకీ వీపుకీ మధ్య టెన్నిస్ బంతి పెట్టి అటూ ఇటూ దొర్లించడం నేను కనిపెట్టిన సుఖం. మర్దనా, వేడి కాపడం కూడా ఇదే జాతివి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పినట్టు, రుద్దినప్పుడు స్పర్శ తీగల కబుర్లు వెన్నుపాము దగ్గర నొప్పి కబుర్లకి అడ్డుపడతాయి. రుద్దినంతసేపూ, ఆ తర్వాత కాసేపూ హాయి. ముడిలా తగిలే చోట నొక్కితే ప్రాణం లేచివచ్చినట్టుంటుంది గానీ, ఒకే వీపు మీద ఇద్దరు నిపుణులు వెతికితే ఆ ముడులు ఒకేచోట దొరకడం లేదని అధ్యయనాలు చెబుతున్నాయి.

నొప్పి మాత్రలు కొద్ది రోజులకి సరే. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకి దెబ్బ, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. నరానిదే నొప్పి అని తేలినప్పుడు డాక్టర్లు వేరే రకం మందులు ఇస్తారు, అవి కొందరికి పనిచేస్తాయి. ఇంజెక్షన్లు నొప్పి మూలాన్ని తేల్చుకోవడానికీ కొన్నాళ్ల ఉపశమనానికీ. ఆపరేషను ఎక్కువగా నరం నలిగి చేతిలో బలం తగ్గుతున్నవాళ్లకి. నన్ను మాత్రం ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ మొదటిరోజే "నిటారుగా కూర్చోవడం గురించి నేను చెప్పను, ఎలా కూర్చున్నా అరగంటకోసారి లేవండి" అంది. నాకావిడ అప్పుడే నచ్చింది.

రబ్బరు బ్యాండు ఇచ్చి రోజుకి రెండు నిమిషాలు చాలంది. నేను నమ్మలేదు. డెన్మార్క్‌లో మెడ, భుజం నొప్పులున్న 198 మందిని మూడు జట్లుగా విడదీసి, పది వారాలపాటు వారానికి అయిదు రోజులు ఒక జట్టుతో రోజుకి 2 నిమిషాలు, ఒక జట్టుతో 12 నిమిషాలు బ్యాండుతో చేతులు పక్కలకి ఎత్తించారు. ఈ వ్యాయామం చేయించని మూడో జట్టుతో పోలిస్తే నొప్పి, పదికి లెక్కవేస్తే, మొదటి జట్టులో 1.4, రెండో జట్టులో 1.9 తగ్గింది. 2011లో వచ్చిన ఈ ఫలితాల్లో నాకు నచ్చింది రెండింటి మధ్య తేడా అంత తక్కువ ఉండటం. వాళ్లు ఆఫీసుల్లో పనిచేసే, మిగతా విధాల ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. నాలాంటి మూడేళ్ల కేసులకి ఇదే లెక్క వర్తిస్తుందనుకోను.

దానితోపాటు గోడకి రెండు చేతులూ ఆనించి ముందుకి వాలి వెనక్కి రావడం, చివర్లో మోచేతులు వంచకుండా గోడని ఇంకొంచెం తోయడం చేయించింది. ఆ చివరి రెండంగుళాల్లోనే రెక్కని పక్కటెముకలకి అదిమిపట్టే కండరం ఎక్కువగా పనిచేస్తుంది. మెడని మెల్లగా తిప్పడం, గడ్డం లోపలికి లాక్కోవడం సరేసరి. మొదటి మూడు వారాలూ నొప్పి పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆపేద్దామనుకున్నాను. "చేసిన నొప్పి మర్నాటికి మామూలుకొస్తోందా?" అని అడిగింది. వస్తోంది. "అయితే కానివ్వండి" అంది.

అయిదో నెలలో ఒకరోజు సాయంత్రం దాకా రెక్క గుర్తే రాలేదని రాత్రి పడుకునేటప్పుడు గమనించాను. గమనించగానే వచ్చేసిందనుకోండి. ఇప్పుడు పదికి రెండు దగ్గర ఉంటుంది, పని ఎక్కువైన వారాల్లో నాలుగు. చెయ్యి నెత్తిన పెట్టుకోకుండానే నిద్రపడుతుంది. టెన్నిస్ బంతి ఇంకా మంచం కిందే ఉంది. అప్పుడప్పుడు తీస్తాను, ఆ పది నిమిషాల సుఖం కోసం.