టికెట్ తేలే గదిలోకి దారి

పోలింగ్ రోజుకి సగం పని అయిపోయి ఉంటుంది. బరిలో ఎవరుండాలన్నది అంతకుముందే పార్టీల్లో ఏదో గదిలో తేలిపోతుంది. మామూలు మనిషికి ఆ గదిలోకి దారి ఊరికే దొరకలేదు.

బ్రిటన్‌లో 1867 సంస్కరణల చట్టం పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటు ఇచ్చింది. బర్మింగ్‌హామ్‌కు మూడు సీట్లు వచ్చాయి, కానీ ఒక్కో ఓటరుకు రెండే ఓట్లు. మూడో సీటు ఎదుటివాళ్లకి పోకుండా ఉండాలంటే ఓట్లను లెక్కగా పంచుకోవాలి. అక్కడి లిబరల్ పార్టీవాళ్లు వార్డు వార్డుకీ కమిటీలు వేసి, ఎవరు ఏ ఇద్దరికి వేయాలో చెప్పారు. 1868లో మూడూ గెలుచుకున్నారు. అయితే చెప్పినట్టు ఓటేయమన్నప్పుడు, ఆ చెప్పేది ఎవరో ఎన్నుకునే హక్కైనా జనానికి ఉండాలి కదా! అలా వార్డు సమావేశాల తలుపులు తెరుచుకున్నాయి. ఉదారత కన్నా కూడికలు, తీసివేతలదే అందులో ఎక్కువ పాత్ర. 1877లో స్థానిక లిబరల్ సంఘాల సమాఖ్యగా నేషనల్ లిబరల్ ఫెడరేషన్ పుట్టాక ఈ పద్ధతి మిగతా ఊళ్లకీ పాకింది.

బ్రిటన్‌లోనే కార్మికుల పక్షాన పుట్టిన లేబర్ పార్టీ స్థానిక శాఖలో ఎవరైనా నేరుగా చేరే వీలు 1918లోగానీ రాలేదు. అంతవరకు కార్మిక సంఘమో, సోషలిస్టు సంఘమో దారి చూపాల్సిందే.

కాంగ్రెస్ సంగతి ఇంకా ఆసక్తికరం. మొదట్లో ఏడాదికోసారి వకీళ్లు, పెద్దమనుషులు కలిసి తీర్మానాలు చేసుకునే సభ అది. 1920 నాగపూర్ మహాసభ దానికి నాలుగణాల సభ్యత్వం, గ్రామం నుంచి పైదాకా కమిటీలు పెట్టింది. 1924లో డబ్బుకు బదులు నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలన్నారు. ఏడాది తిరక్కుండానే నాలుగణాలు మళ్లీ వచ్చాయి! 1937లో రాష్ట్రాల్లో అధికారం చేతికొచ్చాక బోగస్ సభ్యుల బెడద పెరిగి గాంధీయే వాపోయారు. సభ్యత్వానికి విలువ లేకపోతే దొంగ చీటీలు ఎందుకు పుడతాయి?

జర్మన్ సోషలిస్టులను దగ్గర నుంచి చూసిన సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మిషెల్స్, ఏ సంస్థ అయినా చివరికి కొద్దిమంది చేతుల్లోకే పోతుందని 1911లో తేల్చాడు. నిజమే. కానీ కింది స్థాయిలో ఆ కొద్దిమంది చాలాసార్లు విసుగు లేకుండా ప్రతి సమావేశానికీ వచ్చేవాళ్లే.

2015లో లేబర్ నాయకుడి ఎన్నికలో 3 పౌండ్లు కట్టిన మద్దతుదారులకూ ఓటిచ్చారు. సొంత ఎంపీల్లో అత్యధికులు వద్దనుకున్న జెరెమీ కార్బిన్ 59.5 శాతం ఓట్లతో గెలిచాడు. మరుసటి ఏడాది ఆ రుసుము 25 పౌండ్లయింది. నమోదుకు ఇచ్చిన గడువు రెండే రోజులు.