రీకాల్ పిటిషన్ మీద సంతకం పెట్టేముందు: అపోహలు - వాస్తవాలు

ఎన్నికైనవాళ్లను పదవీకాలం ముగియకముందే ఓటర్లు దించేయడమే రీకాల్. దానికి ముందు పిటిషన్ మీద ఓటర్ల సంతకాలు కావాలి. కాలిఫోర్నియాలో ఒక కౌంటీ ఎన్నికల కార్యాలయంలో ఆ సంతకాలు సరిచూసే పని నాది. ఏదో ఒక చిన్న ఊళ్లో కౌన్సిల్ మీద జనానికి ఒళ్లు మండిందంటే, కొన్నాళ్లకు మా బల్ల మీదికి కాగితాల కట్టలు వచ్చిపడతాయి. మనవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అవే. కింద రాసినవి కాలిఫోర్నియా సంగతులు. పక్క రాష్ట్రంలో లెక్క వేరు. సొంత చార్టర్ (నగరం తనకు తాను రాసుకున్న పాలనా నిబంధనావళి) ఉన్న నగరాల్లో కూడా కొన్ని నిబంధనలు మారవచ్చు.

అపోహ: రీకాల్ అంటే మన మున్సిపాలిటీల్లో పెట్టే అవిశ్వాసం లాంటిదే.

కాదు. అక్కడ చైర్‌పర్సన్‌ను దించేది తోటి కౌన్సిలర్లు. క్యాంపులు, రిసార్టులు పుట్టుకొచ్చింది అందుకే. ఇక్కడ సంతకాలు పెట్టేదీ ఓటర్లే, ఓటేసి దించేదీ ఓటర్లే. ఈ పద్ధతి లాస్ ఏంజెలెస్ నగర చార్టర్‌లోకి 1903లో వచ్చింది, 1911లో రాష్ట్రమంతటా అమలైంది. రెండూ కలిసిన పద్ధతి మధ్యప్రదేశ్‌లో చూశాం: కౌన్సిలర్లు ప్రతిపాదిస్తే జనం ‘ఖాళీ కుర్సీ’ (ఖాళీ కుర్చీ, అంటే దించాలి), ‘భరీ కుర్సీ’ (నిండిన కుర్చీ, అంటే ఉంచాలి) గుర్తుల మీద ఓటేస్తారు. 2001లో అనూప్‌పూర్ అధ్యక్షురాలు అలాగే పదవి పోగొట్టుకున్నారు. మా బ్యాలెట్‌లో అవును, కాదు అని తప్ప ఏమీ ఉండదు. ఖాళీ కుర్చీలో ఉన్న అందం దీనికెక్కడిది!

అపోహ: అవినీతి రుజువైతేనే రీకాల్ చెయ్యాలి.

వాషింగ్టన్ రాష్ట్రంలోనైతే ఆరోపణల్లో పస ఉందో లేదో ముందు జడ్జి తేల్చాలి. ఇక్కడ ఆ మెట్టు లేదు. పిటిషన్‌దారులు 200 పదాల్లో కారణం రాస్తారు. పదవిలో ఉన్నాయన కావాలంటే ఏడు రోజుల్లోగా 200 పదాల్లో జవాబిస్తాడు. రెండూ ఓటరు తెలుసుకోవడానికి మాత్రమే. కారణం సరిపోలేదని ఎన్నిక ఆగదు. అయితే పదవి చేపట్టి 90 రోజులు కాకపోయినా, పదవీకాలం ఆరు నెలల్లో ముగిసిపోతున్నా రీకాల్ మొదలుపెట్టడం కుదరదు.

అపోహ: చిన్న ఊరే కదా, నాలుగు వీధులు తిరిగితే సంతకాలు వచ్చేస్తాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఊరు చిన్నదయ్యేకొద్దీ శాతం పెరుగుతుంది. లక్షకు పైగా నమోదైన ఓటర్లున్న చోట పది శాతం సంతకాలు చాలు. పది వేల నుంచి యాభై వేల లోపు ఉంటే 20 శాతం, వెయ్యి నుంచి పది వేల లోపు ఉంటే 25 శాతం, వెయ్యి లోపైతే 30 శాతం కావాలి. గడువు మాత్రం తగ్గుతూ వస్తుంది. 20,000 ఓటర్లున్న ఊళ్లో 120 రోజుల్లో 4,000 సంతకాలు తేవాలి. 8,000 మంది ఉంటే 90 రోజుల్లో 2,000. అవి కూడా చెల్లే సంతకాలు కావాలి. మీరు దించాలనుకునే కౌన్సిలర్ గెలిచినప్పుడు ఆయనకైనా అన్ని ఓట్లు పడ్డాయో లేదో ఒకసారి చూసుకోండి.

చెల్లనివి ఎలా ఉంటాయో చెబుతాను. అపార్ట్‌మెంట్ వదిలి సొంతింట్లోకి మారినవాళ్లు కొత్త చిరునామా రాస్తారు, ఓటరు నమోదులో పాతదే ఉంటుంది. సంతకం నిజమైనదే, కానీ కొట్టేయాలి. భర్త తన చేత్తోనే భార్య పేరు, చిరునామా రాసేసి ఆవిడ చేత సంతకం పెట్టిస్తాడు, ఓటరు స్వయంగా రాయాలన్న సంగతి తెలియక. మొన్న పార్కు దగ్గర పెట్టామన్న మాట మరిచిపోయి ఈ వారం లైబ్రరీ దగ్గర మళ్లీ పెడతారు. ఒకటే లెక్కలోకి వస్తుంది. ఊరి పేరు ఒకటే అయినా ఇల్లు నగర సరిహద్దు అవతల ఉన్నవాళ్లు సరేసరి. వార్డులవారీగా ఎన్నికలు జరిగే చోట పక్క వార్డు సంతకమూ పనికిరాదు. సరిపోయే సంఖ్యకు ఓ పాతిక ఎక్కువ పెట్టుకుని ధీమాగా కట్టలు ఇచ్చి వెళ్లినవాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి.

అపోహ: గ్రీన్ కార్డు ఉంటే సంతకం పెట్టవచ్చు.

పెట్టకూడదు. పౌరసత్వం ఉండి, ఆ పరిధిలో ఓటరుగా నమోదైనవాళ్లే పెట్టాలి. తమాషా ఏమిటంటే, సంతకాలు సేకరించడానికి ఓటరు కానక్కర్లేదు. 18 ఏళ్లు నిండితే చాలు. రీకాల్ ప్రచారానికి చందా సంగతి వేరు: గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు.

అపోహ: సంతకం పెడితే మేయర్‌కు నా పేరు తెలిసిపోతుంది.

రీకాల్ మొదలుపెడుతున్నామని మొదటి నోటీసు ఇచ్చిన ప్రతిపాదకుల పేర్లు బయటికి వస్తాయి. వెనక సంతకం పెట్టినవాళ్లవి రావు. ఆ కాగితాలు పబ్లిక్ రికార్డు కావు, మేయర్ వచ్చి అడిగినా చూపించం. సంతకాలు చాలక పిటిషన్ వీగిపోతే, ఏవి ఎందుకు చెల్లలేదో చూసుకునే వీలు ప్రతిపాదకులకు ఉంటుంది. మనసు మారిందా? పిటిషన్ దాఖలయ్యే రోజుకు ముందే రాతపూర్వకంగా అడిగి సంతకం వెనక్కి తీసుకోవచ్చు.

అపోహ: రీకాల్ గెలిస్తే మొత్తం శుభ్రమైపోతుంది.

బెల్ నగరం సంగతి చూడండి. 35 వేల జనాభా ఉన్న ఊరు. 2005లో 400 మంది కూడా ఓటు వెయ్యని ఒక ప్రత్యేక ఎన్నికతో చార్టర్ తెచ్చుకుని, కౌన్సిల్ జీతాల మీద రాష్ట్రం పెట్టిన పరిమితి నుంచి తప్పించుకున్నారు. 2010లో పత్రిక బయటపెట్టేసరికి కౌన్సిలర్లలో నలుగురు ఏడాదికి దాదాపు లక్ష డాలర్లు, సిటీ మేనేజర్ (నగర పాలన నడిపేందుకు నియమించుకునే ముఖ్య అధికారి) దాదాపు ఎనిమిది లక్షల డాలర్లు తీసుకుంటున్నారు. 2011 మార్చిలో మేయర్‌ను, కౌన్సిలర్లను జనం రీకాల్ చేశారు. అసలు సూత్రధారి సిటీ మేనేజర్‌ను మాత్రం రీకాల్ తాకలేదు, ఎందుకంటే ఆయన ఎన్నికైన మనిషి కాదు. అప్పటికే రాజీనామా చేసి వెళ్లాడు, తర్వాత కోర్టు జైలుకు పంపింది.

బెల్ ఓటర్లు అదే బ్యాలెట్ మీద కొత్తవాళ్లనూ ఎన్నుకున్నారు. 2023 నుంచి స్థానిక పదవులకు అది లేదు. దించాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నే ఉంటుంది. కుర్చీ ఖాళీ అయ్యాక సాధారణంగా మిగిలిన కౌన్సిలర్లు 60 రోజుల్లోగా ఎవరినో ఒకరిని నియమిస్తారు, లేదా ప్రత్యేక ఎన్నిక పెడతారు. ఐదుగురి కౌన్సిల్‌లో ఒకరిని దించితే, ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో, లేక ఎన్నిక పెట్టాలో తేల్చేది మిగతా నలుగురే.