సీటీ స్కోరు పది వస్తే ఊపిరితిత్తులు నలభై శాతం పోయినట్టా?

గత నెల ఒక పెద్దాయన మా స్కానింగ్ సెంటరుకు వచ్చారు. చేతిలో 2021 మేలో కరోనా వచ్చినప్పటి సీటీ రిపోర్టు. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించి దాచుకున్నారు. "స్కోరు 10/25 వచ్చిందండీ. నలభై శాతం పోయాయని అప్పట్లో చెప్పారు. మళ్లీ స్కాన్ తీసి ఇంకా ఎంత మిగిలాయో చూడండి" అన్నారు. ఈ మధ్యే చేయించుకున్న ఊపిరితిత్తుల పరీక్ష, ఎక్స్‌రే రెండూ మామూలుగానే ఉన్నాయి. ఆక్సిజన్ 98. అయినా ఆ కాగితాన్ని నమ్మి ఇన్నేళ్లుగా మేడ మెట్లు ఎక్కడం మానేశారు. మనవణ్ణి ఎత్తుకోవడం కూడా మానేశారు.

ఛాతీ సీటీలు చదవడమే నా పని. రెండో వేవ్‌లో పగలూ రాత్రీ అవే చదివాను. అప్పుడు పుట్టిన పుకార్లలో జనాన్ని అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసింది ఈ శాతం లెక్కే.

అపోహ: స్కోరును నాలుగుతో గుణిస్తే ఊపిరితిత్తులు ఎంత శాతం పాడయ్యాయో తెలుస్తుంది.

వాస్తవం: ఇది పూర్తిగా తప్పు. కుడి ఊపిరితిత్తికి మూడు లోబ్‌లు (భాగాలు), ఎడమకు రెండు. ఒక్కో లోబ్‌కు 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తాం. మచ్చలు 5 శాతం లోపు ఉంటే 1, పావు వంతు దాకా ఉంటే 2, సగం దాకా 3, ముప్పావు దాకా 4, అంతకు మించితే 5. ఆ పెద్దాయన రిపోర్టులో అయిదు లోబ్‌లకూ తలా రెండు మార్కులు పడ్డాయి. అంటే ఏ లోబ్‌లోనూ మచ్చలు పావు వంతు దాటలేదు. ప్రతి లోబ్‌లో పది శాతమే ఉన్నా స్కోరు పదే వస్తుంది. అది నలభై ఎలా అవుతుంది? అయిదు లోబ్‌లలోనూ చిన్న చిన్న మరకలు ఉంటే స్కోరు 5. దాన్ని ఇరవై శాతం అనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చేవారు. నిజానికి అక్కడ అయిదు శాతం కూడా ఉండదు.

పైగా "పోయాయి" అన్న మాటే తప్పు. గ్రౌండ్ గ్లాస్ అని మేం రాసేది గాలి గదుల్లో వాపు, నీరు చేరడం వల్ల కనిపించే మసక. చాలామందిలో అది కొన్ని వారాల్లోనో నెలల్లోనో కరిగిపోతుంది. వెంటిలేటరు దాకా వెళ్లినవారిలో కొందరికి మాత్రం ఫైబ్రోసిస్ (కణజాలం గట్టిపడిన) చారలు మిగిలాయి.

ఈ లెక్క భయంతోనే ఆగలేదు. ఆక్సిజన్ 97 ఉన్నవాళ్లు కూడా స్కోరు 8 చూసి స్టెరాయిడ్లు మింగారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవారి ప్రాణాలు కాపాడుతుందనీ, అవసరం లేనివారికి మేలు చేయదనీ 2020 జూన్‌లోనే బ్రిటన్‌లో రోగుల మీద మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ తేల్చింది. అదుపు తప్పిన షుగర్‌కు అక్కర్లేని స్టెరాయిడ్ తోడైతే ఏమవుతుందో 2021లో బ్లాక్ ఫంగస్ వార్డులు చూపించాయి.

తక్కువ స్కోరు చూసి ధీమా పడటం కూడా అంతే ప్రమాదం. ఒక సాయంత్రం ఒకావిడకు స్కోరు 7 వచ్చింది. "ఏడే కదండీ, ఇంటికి తీసుకెళ్తాం" అన్నాడు కొడుకు. ఆమె మాట మధ్యలో ఆగి ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆక్సీమీటరు పెడితే 84. బతిమాలి ఆసుపత్రికి పంపాను. ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ ఉందని మర్నాడు తేలింది. మామూలు సీటీలో అది సాధారణంగా పట్టుబడదు, కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీయాలి. మచ్చలు ఎంత మేర పరుచుకున్నాయో మాత్రమే స్కోరు చెబుతుంది. మనిషి ఎలా ఉన్నాడో ఆక్సిజన్, ఊపిరి వేగం, ఆయాసం చెబుతాయి.

అపోహ: రెండో రోజు సీటీ నార్మల్ వస్తే కరోనా లేనట్టే.

వాస్తవం: లక్షణాలు మొదలైన తొలి రెండు రోజుల్లో దాదాపు సగం మందికి సీటీలో ఏమీ కనిపించదు. మచ్చలు ముదిరేది పదో రోజు ప్రాంతంలో.

అపోహ: కోరాడ్స్ 5 అంటే జబ్బు బాగా ముదిరింది.

వాస్తవం: కోరాడ్స్ తీవ్రతను కొలవదు. ఈ మచ్చలు కరోనావే అని మాకు ఎంత గట్టి అనుమానం ఉందో చెప్పే అంకె అది.

అపోహ: ఒక సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానం.

వాస్తవం: 2021 మే నెలలో ఎయిమ్స్ డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా అలా అన్నారు. అది పాతకాలపు లెక్క అని రేడియాలజిస్టుల జాతీయ సంఘం ఖండించింది. మామూలు ఛాతీ సీటీలో రేడియేషన్ 5 నుంచి 7 మిల్లీసీవర్టులు, తక్కువ మోతాదులో తీస్తే ఒకటి రెండు. ప్రకృతి నుంచే మనకు ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతుంది. అలాగని ఊరికే తీయించుకోకూడదు. ఆక్సిజన్ పడిపోతున్నా ఆర్టీపీసీఆర్ నెగెటివ్ వస్తున్నప్పుడు, చికిత్స జరుగుతున్నా మనిషి దిగజారుతున్నప్పుడు సీటీ నిజంగా పనికొస్తుంది. కరోనా స్వల్పంగా ఉంటే సీటీ అవసరమే లేదని గులేరియా అదే రోజు చెప్పిన మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

పెద్దాయనకు నేను స్కాన్ తీయలేదు. ఆ పాత రిపోర్టు వెనక అయిదు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక మూలన కాస్త నలుపు పూసి, పక్కన రెండు చొప్పున వేసి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు కూడుకున్నారు.