ఎనిమిది రోజుల వారం ఉన్న ఊరు

బత్తీర్‌లో వారానికి ఎనిమిది రోజులని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. జెరూసలేముకు నైరుతిగా కొద్ది కిలోమీటర్ల దూరంలో, బెత్లెహేముకు పడమట, పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్ అంచున కొండవాలు మీద కట్టుకున్న అరబ్బు పల్లె అది. ఊరి మడులకు నీరు పెట్టుకునే హక్కు ఎనిమిది పెద్ద కుటుంబాల మధ్య రోజుకొకరి చొప్పున తిరుగుతుంది కాబట్టి, ఒకరి వంతు మళ్లీ వారికి రావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. కనిష్ఠ సామాన్య గుణిజం ఎందుకు పనికొస్తుందని ఒక పిల్లవాడు నన్ను అడిగిన నాటి నుంచి, పాఠ్యపుస్తకాల్లో ఏనాటినుంచో కలిసి మోగుతున్న ఆ రెండు గంటలను పక్కనపెట్టి, నేను ఈ ఊరి పేరే చెబుతున్నాను.

ముందుగా నీటి సంగతి. ఆ ప్రాంతంలో వానలు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే పడతాయి. వేసవి నెలల్లో చుక్క రాలదు. అయితే కొండలు సున్నపురాతివి కావడంతో, చలికాలంలో పడిన నీరు రాతి పగుళ్లలోంచి లోపలికి దిగి, నీటిని సులభంగా కిందికి పోనివ్వని సున్నపు బంకమట్టి పొర తగిలిన చోట ఆగి, ఆ పొర వెంబడి పక్కకు నడిచి, కొండవాలు దాన్ని కోసిన చోట ఊటగా బయటపడుతుంది. కొండే ఇక్కడ చెరువు, పగుళ్లే దాని అలుగు. ఊరి నడుమ ఉన్న ఐన్ అల్-బలద్ అటువంటి ఊటే. ఆ పేరుకు ఊరి ఊట అనే అర్థం.

ఊట నీటిని నేరుగా కాలువలోకి వదలకుండా తొట్టిలో నింపి ఆ తరువాత వదలడంలోనే అసలు కిటుకు ఉంది. ఉదాహరణకు ఊట సెకనుకు ఒక లీటరు ఇస్తోందనీ, కాలువ పొడవునా సెకనుకు అర లీటరు ఇంకిపోతోందనీ అనుకుందాం. నేరుగా వదిలితే పది గంటల్లో ఊరిన 36,000 లీటర్లలో 18,000 లీటర్లు దారిలోనే పోతాయి. అదే నీటిని పది గంటలపాటు తొట్టిలో ఆపి, సెకనుకు పది లీటర్ల చొప్పున ఒక్క గంటలో వదిలితే, కాలువ తడిగా ఉండేది ఆ గంట మాత్రమే కనుక, ఇంకేది సుమారు 1,800 లీటర్లు. ప్రవాహం లోతు పెరిగినప్పుడు ఇంకుడు కాస్త పెరిగినా లెక్క తలకిందులు కాదు. దూరపు మడి తడిసేది ఈ ఒక్క ఉపాయం వల్లనే.

రాత్రంతా నిండిన తొట్టిలో గుర్తులు గీసిన కర్రను దించి, నీరు ఎంత ఎత్తు ఉందో చూసి, ఆ రోజు ఎవరి వంతో ఆ కుటుంబంలోని వాటాదారులు తమ హక్కులను బట్టి పంచుకుంటారు. తొట్టి అడుగు వైశాల్యం వంద చదరపు మీటర్లు అనుకుంటే, కర్ర మీద ఒక సెంటీమీటరు అంటే వెయ్యి లీటర్లు. గోడలు నిలువుగా ఉంటేనే ఈ లెక్క సరి. అడుగుకు పోయేకొద్దీ తొట్టి ఇరుకైతే కిందిగీతల వాటాదారుడు మోసపోతాడు. గడియారంతో పంచడం కన్నా ఇది న్యాయమని నా అభిప్రాయం. ఊట బలం ఏడాది పొడవునా మారుతుంది కాబట్టి గంట నీరు చైత్రంలో ఒకటి, భాద్రపదంలో మరొకటి. కర్ర మాత్రం ఉన్న నీటినే చూపుతుంది.

ఇక ఎనిమిది సంగతి. కుటుంబాలు ఏడు ఉండి ఉంటే, ఏడాదిలోని 52 శుక్రవారాలూ ఒకే కుటుంబానికి పడేవి. జుమా నమాజుకు వెళ్లవలసిన పూటే ఎప్పుడూ ఆ ఇంటివాళ్లు మడిలో ఉండవలసి వచ్చేది. పద్నాలుగు అయినా ఇబ్బందే, ఎందుకంటే అప్పుడు శుక్రవారాలు రెండు కుటుంబాల మధ్యే తిరుగుతాయి. ఏడుకీ ఎనిమిదికీ ఒకటి తప్ప సామాన్య భాజకం లేదు. అందువల్ల ఈ వంతు శుక్రవారం వచ్చిన కుటుంబానికి తరువాతి వంతు శనివారం, ఆపైది ఆదివారం వస్తూ, ఏడు, ఎనిమిదిల కనిష్ఠ సామాన్య గుణిజమైన 56 రోజులకు సరిగ్గా మళ్లీ శుక్రవారం వస్తుంది. ఏడాదికి ఆరో ఏడో శుక్రవారాలు ఎవరికైనా తప్పవు. లెక్క చూసుకుని కుటుంబాలను ఎనిమిది చేశారని నేను అనను, అది కలిసివచ్చిన సంఖ్య. మన దగ్గర వారం, వర్జ్యం చూడనిదే విత్తనం ముట్టుకోనివాళ్లు ఉన్నారు. వారంలోని ప్రతి రోజూ ప్రతి ఇంటికీ తగిలే ఈ చక్రంలో, ఫలానా వారం మాకు అచ్చిరాదనే మాటకు నిలువ నీడ దొరకదు.

ఆ నీరు చేరేది మెట్లు మెట్లుగా కట్టిన మడులకు. పొలంలో అడ్డం వచ్చిన రాళ్లనే ఏరి, సున్నం లేకుండా పేర్చి, వెనక చిన్న రాళ్లు, వాటి మీద మన్ను పోసిన గట్లు అవి. సున్నం లేకపోవడమే వాటి బలం: వాననీరు సందుల్లోంచి కారిపోతుంది కనుక గోడ వెనక ఒత్తిడి పెరగదు. నీరందే మెట్లలో కూరగాయలు, ముఖ్యంగా పేరుమోసిన బత్తీరు వంకాయ. అందని మెట్లలో ఆలివ్, ద్రాక్ష.

ఊటను వాడుకున్నది ఈ కుటుంబాలే కాదు. ఊరిని ఆనుకున్న ఖిర్బెత్ అల్-యహూద్ అనే శిథిలాల గుట్టను, రోమనులపై క్రీ.శ. 132లో తిరగబడిన యూదు నాయకుడు బార్ కోఖ్బా చివరి కోట బేతార్‌గా గుర్తించారు. అది 135లో పడిపోయింది. ఊట దగ్గరి రాతి శాసనంలో ఐదో మాసిడోనికా, పదకొండో క్లాడియా అనే రోమన్ సేనాదళాల పేర్లు ఉన్నాయి. బేతార్ పేరు బత్తీర్‌గా నిలిచింది.

1892లో జాఫా నుంచి జెరూసలేముకు వేసిన మీటరుగేజి రైలుమార్గం లోయ అడుగున, ఊరి మడుల కిందుగా సాగింది. జెరూసలేముకు ముందరి స్టేషను బత్తీరే కావడంతో కూరగాయలు బండెక్కి పట్నం చేరేవి. 1948 యుద్ధంలో చాలామంది ఊరు విడిచిపోయినప్పుడు, హసన్ ముస్తఫా అనే గ్రామస్థుడు మిగిలిన కొద్దిమందితో బట్టలు ఆరవేయించి, రాత్రిళ్లు దీపాలు పెట్టించి, ఊరు నిండుగా ఉన్నట్లు చూపించాడు. 1949లో ఇజ్రాయెల్, జోర్డాన్ మధ్య కుదిరిన యుద్ధవిరమణ ఒప్పందంలో రైలుమార్గం ఇజ్రాయెల్ చేతికి వెళ్లింది. రైలుకు హాని చేయకూడదన్న షరతు మీద, పట్టాల అవతలి తమ భూములను సాగుచేసుకునే హక్కు బత్తీరువాళ్లకు మిగిలింది.

ఈ శతాబ్దంలో ఇజ్రాయెల్ తన వేర్పాటు గోడను ఆ లోయ గుండానే తీసుకుపోవాలనుకుంది. కాంక్రీటు పునాది వాలుకు అడ్డంగా దిగితే మెట్లూ కాలువలూ తెగిపోతాయని ఊరివాళ్లు కోర్టుకు వెళ్లారు. ఇజ్రాయెల్ ప్రకృతి, ఉద్యానవనాల సంస్థ కూడా వారి వాదననే బలపరిచింది. 2014లో యునెస్కో ఈ మెట్లపొలాలను ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుని, అప్పుడే ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలోనూ చేర్చింది. జాబితాకెక్కిన ఆ మెట్లలో కొన్ని రైలుపట్టాల దాకా దిగుతాయి.