కరెంటు వృథా: అపోహలు, వాస్తవాలు

ఇంట్లో కరెంటు ఎక్కడ పోతోందని అడిగితే చాలామంది వేలు చూపించేది గోడకున్న ఫోన్ ఛార్జర్ వైపు. లెక్క కడితే దాని వాటా దాదాపు ఏమీ ఉండదు. ఒక్క అంకె గుర్తుంచుకుంటే సగం అపోహలు వాటంతట అవే తేలిపోతాయి: 1 వాట్ తీసుకునే వస్తువు ఏడాది పొడుగునా ఆగకుండా నడిస్తే 8.76 యూనిట్లు అవుతుంది.

అపోహ: ఫోన్ పెట్టకుండా ఛార్జర్‌ను ప్లగ్‌లోనే వదిలేస్తే బోలెడు కరెంటు పోతుంది

ఇప్పటి ఛార్జర్లు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునేది సాధారణంగా 0.3 వాట్ల లోపే. ఏడాదంతా వదిలేసినా మూడు యూనిట్లు దాటదు. లోపల ఇనుప కోర్ ఉండే పాత బరువైన అడాప్టర్ల సంగతి వేరు. ఏమీ తగిలించకపోయినా చేతికి వెచ్చగా తగులుతుంటే దాన్ని తీసేయండి.

అపోహ: రిమోట్‌తో ఆపితే ఆగినట్టే

కొత్త టీవీల విషయంలో ఇది చాలావరకు నిజమే. స్టాండ్‌బైలో, అంటే ఆపినా ప్లగ్‌లోనే ఉన్నప్పుడు, వస్తువులు 1 వాట్ మించకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ప్రతిపాదించింది. ఐరోపా సమాఖ్య 2013 నుంచి చాలా ఉపకరణాలకు దాన్ని అర వాట్‌కు దించింది. అయితే టీవీ సెట్టింగుల్లో ‘క్విక్ స్టార్ట్’ (నొక్కగానే తెర వెలిగేలా టీవీని సిద్ధంగా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఈ పొదుపంతా పోతుంది. ముందు దాన్ని ఆఫ్ చేయండి.

అసలు దొంగ సెట్‌టాప్ బాక్స్. రిమోట్ నొక్కితే బొమ్మ ఆగుతుంది, చిన్న లైటు రంగు మారుతుంది. చాలా మోడళ్లలో అంతకు మించి ఏమీ జరగదు. లోపల ట్యూనర్, ప్రాసెసర్ అలాగే నడుస్తుంటాయి. రిమోట్‌తో ఆపిన గంట తర్వాత పై మూత మీద అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే అది పడుకోలేదన్నమాట. 12 వాట్ల బాక్సు ఏడాదికి 105 యూనిట్లు తింటుంది. దీన్ని గోడ స్విచ్ దగ్గరే ఆపాలి. మళ్లీ వేసినప్పుడు ఛానళ్లు రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. రికార్డింగ్ పెట్టుకున్న రోజు మాత్రం ఆపకండి.

అన్నింటినీ ఇలా గోడ దగ్గర కట్ చేయడం కుదరదు. ఓలెడ్ టీవీ రిమోట్‌తో ఆపాక కొన్ని నిమిషాలు తెరను సరిచేసుకుంటుంది, ఆ పని పూర్తి కానివ్వాలి. ఇంక్‌జెట్ ప్రింటర్‌ను దాని సొంత బటన్‌తో ఆపాకే ప్లగ్ తీయాలి. లేకపోతే ఇంకు చిమ్మే హెడ్‌కు మూత పడక ఇంకు ఆరిపోతుంది, తర్వాత శుభ్రం చేసుకోవడానికి ఇంకా ఎక్కువ ఇంకు తాగుతుంది.

అపోహ: ఏ వస్తువు ఎంత కరెంటు తింటోందో కనిపెట్టాలంటే పరికరాలు కొనాలి

మీ మీటరే చాలు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్రగా మెరిసే చిన్న లైటు ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో పక్కనే ముద్రించి ఉంటుంది. అది 3200 అనుకుందాం.

రాత్రి పడుకునే ముందు లైట్లు, ఫ్యాన్లు, ఏసీ, గీజర్ ఆపండి. ఫ్రిజ్ కూడా ఓ పావుగంట ఆపండి, తలుపు తెరవకపోతే లోపలి చల్లదనం ఎక్కడికీ పోదు. మిగతావన్నీ రోజూ ఎలా వదిలేస్తారో అలాగే ఉంచండి. ఇప్పుడు ఒక మెరుపు దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, ఆ తర్వాత వచ్చే పదో మెరుపు దగ్గర ఆపండి. 250 సెకన్లు వచ్చిందంటే ఒక్కో మెరుపుకు 25 సెకన్లు. ఒక యూనిట్ అంటే 36 లక్షల వాట్-సెకన్లు. ఆ 36 లక్షలను 3200తో భాగిస్తే 1125. దాన్ని 25తో భాగిస్తే 45 వాట్లు. ఎవరూ ఏదీ వాడనప్పుడు ఇల్లు తింటున్నది అంత. ఏడాదికి 394 యూనిట్లు.

ఆ తర్వాత ఒక్కో ప్లగ్ తీస్తూ మళ్లీ కొలవండి. మెరుపుల మధ్య వ్యవధి ఎక్కడ ఒక్కసారిగా పెరుగుతుందో అక్కడుంది వృథా. కరెంటు పోయి వచ్చిన వెంటనే మాత్రం కొలవొద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ అవుతుంటే లెక్క తప్పుతుంది. ఫ్రిజ్ తిరిగి ఆన్ చేయడం మరిచిపోకండి.

అపోహ: ‘పవర్ సేవర్’ డబ్బా పెడితే బిల్లు తగ్గుతుంది

దీనికి డబ్బు పెట్టొద్దు. విప్పి చూస్తే సాధారణంగా లోపల ఉండేది ఒక కెపాసిటర్, ఒక ఎల్‌ఈడీ. అమ్మేవాళ్లు ఒక మోటారు నడిపి, తీగకు క్లాంప్ మీటరు తగిలించి, డబ్బా పెట్టగానే ఆంపియర్లు తగ్గడం చూపిస్తారు. ఆ తగ్గడం నిజమే. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను (తీగలో పారే కరెంటులో ఎంత భాగం నిజంగా పనికొస్తుందో చెప్పే లెక్క) సరిచేస్తుంది కాబట్టి తీగలో ఆంపియర్లు తగ్గుతాయి. మోటారు తీసుకునే వాట్లు మాత్రం మారవు. యూనిట్ అంటే కిలోవాట్ అవర్, ఇంటి బిల్లు వచ్చేది దాని మీదే. పైన చెప్పిన మెరుపుల పరీక్ష డబ్బా పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చేస్తే తేడా లేదని మీ కళ్లకే తెలుస్తుంది.

అపోహ: రాత్రిపూట ఫ్రిజ్ ఆపేస్తే పొదుపు

రాత్రంతా లోపలికి చేరిన వేడిని పొద్దున కంప్రెసర్ బయటికి తోయాల్సిందే. మిగిలేది స్వల్పం, పాడయ్యేది లోపలి సరుకు. దాని బదులు తలుపు రబ్బరు చూడండి. ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు. మురికి అంటుకుని ఉంటే గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడవండి, చిరిగితే మార్చండి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 చాలు.

అపోహ: ఏసీ 16లో పెడితే గది త్వరగా చల్లబడుతుంది

మామూలు ఏసీ కంప్రెసర్‌కు ఒకటే వేగం. 16లో పెట్టినా 25లో పెట్టినా వచ్చే గాలి చల్లదనం ఒకటే, 16లో పెడితే ఆగడం ఆలస్యమవుతుంది. కంప్రెసర్ వేగాన్ని తనే మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ కూడా గది బాగా వేడిగా ఉన్నంతసేపు ఎలాగూ పూర్తి బలంతోనే లాగుతుంది.

అపోహ: గీజర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే నయం, మళ్లీ మళ్లీ వేడి చేయడమే ఖర్చు

15 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.6 యూనిట్ పడుతుంది. 2000 వాట్ల గీజర్‌కు అది 20 నిమిషాల లోపు పని. రోజంతా వదిలేస్తే ట్యాంకు చల్లారుతూ ఉంటుంది, థర్మోస్టాట్ మళ్లీ మళ్లీ వేడి చేస్తూ ఉంటుంది. ఆ వేడి గోడకు పోయినట్టే. 60 కన్నా పైకి తిప్పితే నష్టం పెరుగుతుంది, ఉప్పునీళ్లయితే ఎలిమెంట్‌కు తెల్లటి గార త్వరగా పడుతుంది. అలాగని నీళ్లను 40 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచొద్దు. ఆ వెచ్చదనంలో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

అపోహ: ఫ్యాన్ వేగం తగ్గించినా కరెంటు తగ్గదు

పెద్ద డబ్బాలాంటి పాత రెగ్యులేటర్ల వల్ల వచ్చిన మాట ఇది. వాటిలో కొంత కరెంటు వేడిగా పోయేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో వేగంతోపాటు వాట్లూ దిగుతాయి. మామూలు సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంలో 75 వాట్ల దాకా తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాన్ (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేది) 30 వాట్ల దగ్గర సరిపెడుతుంది. అయితే చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లకు గోడ మీది రెగ్యులేటర్ పనికిరాదు, ఫ్యాన్ సర్క్యూట్ పాడవొచ్చు. బిగించే రోజే ఎలక్ట్రీషియన్‌తో రెగ్యులేటర్ తీయించి, నేరుగా స్విచ్‌కు కలిపించండి.